పచ్చ అడిగితే పసుపు

బతుకంతా బడిపిల్లలకు నానార్థాలు చెప్పి ఇప్పుడు పింఛను తింటున్నోణ్ణి. 'పచ్చ' అనే మాటకు ఆకురంగు ఒక అర్థం, పసుపురంగు ఇంకో అర్థం, నవరత్నాల్లో ఒకటి మూడో అర్థం అని బోర్డు మీద సుద్దముక్క అరిగేదాకా రాసినోణ్ణి. అట్లాంటి నేనే బుధుని కోసమని గురుని రాయిని చిటికెన వేలికి పెట్టుకొని ఇన్నేండ్లు తిరిగిన. తెలియక తిరిగినోణ్ణి మూర్ఖుడంటరు. తెలిసీ తిరిగినోణ్ణి ఏమంటరో నిఘంటువులన్నీ తిరగేసినా దొరకలేదు. మా ఇంటామె దగ్గర దొరికింది గానీ అది అచ్చు వేసే మాట కాదు.

ఈ మధ్య ఒక పొద్దున మనుమరాలు నా చెయ్యి పట్టుకొని ఉంగరం తిప్పుకుంట, "తాతా, గిది ఏం రాయి?" అన్నది. అలవాటు కొద్దీ "పచ్చ బిడ్డా" అన్న. ఆ పిల్ల నా మొఖం దిక్కు, రాయి దిక్కు, మళ్ళ నా మొఖం దిక్కు చూసి, "తాతా, నీ అద్దాలు మార్పియ్యాలె. గిది ఎల్లో" అని లోపలికి పోయింది. అద్దాలతో పోయే సంగతి కాదిది. ఆ పిల్లకు చెప్పబోయి, కథ పెద్దదని ఊరుకున్న. ఊరుకున్నది కడుపులో ఉండదు కద, ఇక్కడ రాస్తున్న.

మాది సిరిసిల్ల. మా బాపు, అంటే మా నాయిన, నర్సయ్య, సాంచాలు నడిపేటోడు. పవర్‌లూమును మా దగ్గర సాంచె అంటరు. ఇల్లు ముందు, షెడ్డు వెనుక. మధ్యలో అవ్వ, అంటే మా అమ్మ. పొద్దుగాల గంజి వాసన, మధ్యాహ్నం నూనె పట్టిన ఇనుము వాసన, పొద్దూకంగ అవ్వ చుట్టే బీడీల ఆకు వాసన. గడియారం లేకున్నా ముక్కుతోని పొద్దు చెప్పగలిగేటోళ్ళం. అవ్వకు ఒక అలవాటు ఉండె. చింతపండు పిసికేటప్పుడైనా, ఇత్తడి చెంబులు తోమేటప్పుడైనా మెడలో పుస్తెలతాడును వీపు మీదికి వేసుకునేది. ఎందుకే అంటే, "పులుపు తాకితే పగడం మొఖం మాడ్చుకుంటదిరా, ముత్యం చిన్నబోతది" అనేది. అవి రెండూ భూమిలో పుట్టిన రాళ్ళు కావని, సముద్రంలో ప్రాణులు తయారు చేసినవని, పులుపు తగిలితే కరుగుతయని చాలా ఏండ్లకు ఒక పుస్తకంలో చదివిన. అవ్వ ఏ పుస్తకమూ చదవలేదు. ఆమెకు అవ్వ చెప్పింది, ఆ అవ్వకు వాళ్ళ అవ్వ చెప్పింది. మెడలో బంగారం గురించి అవ్వకు రంది ఉండకపోయేది, పగడం గురించే రంది.

ఆ రందిని మించిన రంది నేను. నాకు నత్తి ఉండె. అన్ని అక్షరాల మీద కాదు, మాట మొదట్ల వచ్చే ఒక్క 'ప' మీదనే. క నుంచి ఫుల్లు స్పీడుగా వచ్చే బస్సు ప దగ్గర స్టేజి లేకున్నా ఆగేది. ఆగిందంటే కదిలేది కాదు. మా పెద్దమనుషులు చేసిన మేలు ఏందంటే, ఇట్లాంటోనికి ఏరికోరి పరశురాములు అని పేరు పెట్టిండ్రు. అడిగినోళ్ళకు నా పేరు నేను చెప్పుకోవాల్నంటే అవతలోడు బీడీ ముట్టించుకొని సగం తాగేటోడు.

నోరు ఆగితే బుర్ర దొడ్డిదారి వెతుకుతది. ప వచ్చే మాట ఎదురైతే పక్క సందులకెళ్ళి పోవుడు నేర్చుకున్న. గ్రంథాలయంలో ఒక బొద్దు నిఘంటువు ఉండె, అట్టలు ఊడిపోయి. దాని ముందు కూసొని ప అక్షరంతో వచ్చే మాటలకన్నిటికి మారు మాటలు ఏరుకునేటోణ్ణి. పిల్లి వస్తే మార్జాలం. పెరుగు కావాల్నంటే దధి. "అవ్వా, ఇంకింత సూపం వెయ్యి" అంటే పప్పు అని అవ్వకు అర్థం కావడానికి కొన్నాళ్ళు పట్టింది. ఒకసారి కండెలు చుట్టే అర్రలో నూలు గంపల నడుమ పాము కనపడ్డది. నోట్లె ప ఆగింది. పాము ఆగలేదు. చివరికి "సర్పం! సర్పం!" అని అరిచిన. కండెలు చుట్టే ఆడోళ్ళు భయపడుడు పక్కన పెట్టి నవ్వుడు మొదలుపెట్టిండ్రు. ఆ నవ్వుకు సర్పమే సిగ్గుపడి పోయింది. అట్ల సిరిసిల్లల నాకు రెండు పేర్లు వచ్చినయి. తెలియనోళ్ళు పండితుడనేటోళ్ళు, తెలిసినోళ్ళు నత్తి పర్శిగాడనేటోళ్ళు. రెండూ ప తోని ఉన్నవే, ఏదీ నేను చెప్పుకునే అవసరం లేకుండె.

చదువు అయిపోవస్తున్న కాలంల నాకు పంతులు కావాల్నని మనసు పుట్టింది. ఇంట్లో ఆ ముచ్చట పడంగనే బాపు నవ్వలేదు, కోపం చేయలేదు. అదే నాకు ఎక్కువ నొచ్చింది. "బడిల నోరే బతుకురా. సాంచాల కాడ చెయ్యి బతుకు. నీకు చెయ్యి ఉన్నది" అన్నడు. ట్రైనింగు సీటుకు కరీంనగర్ల ఇంటర్వ్యూ ఉంటది, నలుగురు పెద్దోళ్ళు ఎదురుంగ కూసొని మాట్లాడిపిస్తరు. అది దాటితే బడి, దాటకుంటే సాంచె. అవ్వ రాత్రంతా ఆలోచించి పొద్దున నన్ను తంగళ్ళపల్లి అయ్యగారి దగ్గరికి తోలుకపోయింది.

అయ్యగారు నా జాతకం చూసి, ముక్కుపొడుం పీల్చి, "బుధుడు నీచంల పడ్డడమ్మా. వాక్కుకు ఆయననే పెద్ద. పచ్చ పెట్టియ్యి. బుధవారం, చిటికెన వేలికి" అన్నడు.

"నోరు తిరుగుతదా అయ్యగారూ?"

"రాయి పని రాయి చేస్తది. పిలగాని పని పిలగాడు చెయ్యాలె."

ఆ రెండో మాట అవ్వ వినలేదు. పచ్చ అన్నకాడనే ఆమె చెవులు మూసుకున్నయి. అయితే పచ్చ కొనుడు ఎవరికి తెలుసు? మా ఇంట్లో రాళ్ళంటే ఇసుర్రాయి, పొయ్యిరాళ్ళు. అందుకే అవ్వ వాళ్ళ అన్నకు కబురు పెట్టింది. మా మేనమామ గంగరాజం. వాళ్ళూ మొదట మగ్గపోళ్ళే గానీ, మామ గుంటమగ్గం లోంచి లేచి కథలాపూర్ దిక్కు భూమి చూసుకొని పసుపు పెట్టిండు. ఇక చూడుండ్రి, పసుపు తవ్వుడు, ఉడకబెట్టుడు, ఎండబెట్టుడు, కోరుట్ల బజార్ల అమ్ముడు. మామ ధోతి పసుపు, గోర్లు పసుపు, ఆఖరికి మామ రాసిన ఉత్తరం కాగితం కూడా పసుపు. సెలవులకు వాళ్ళింటికి పోతే పెద్ద పెద్ద కడాయిల్ల కొమ్ములు ఉడుకుతుంటే ఆ ఆవిరి బట్టలకు పట్టి, మళ్ళ సిరిసిల్లకు వచ్చినా వారం దాకా అవ్వ నన్ను చూసి "మా అన్న వాసనొస్తున్నవ్‌రా" అని సంబురపడేది. ఈ పసుపును జర యాదిల పెట్టుకోండ్రి. నా కొంప ముంచింది అదే.

మామ, నేను జగిత్యాల పోయినం. మల్యాల స్టేజి దాటేదాకా మామ బస్సుల ఉన్నోళ్ళందరికీ మేం ఎందుకు పోతున్నమో చెప్పిండు. "మా అల్లునికి నోరు పెట్టియ్యవోతున్న" అని. కండక్టరు కూడా నా నోట్లోకి తొంగి చూసిండు. జగిత్యాలల చాంద్ భాయ్ అని ఒకాయన రాళ్ళు అమ్మేటోడు. చిన్న దుకాణం, అత్తరు వాసన, తెల్లటి బట్ట మీద పరిచిన రంగురంగుల రాళ్ళు. దుబాయి పోయేటోళ్ళు, దుబాయి నుంచి వచ్చినోళ్ళు ఆ దుకాణంల ఎక్కువ. అటు దిక్కు ఒకాయన నీలిరంగు ఫిరోజా ఉంగరం సాగదీసి చూసుకుంటున్నడు. ఇరాన్ రాయట, ఆపద వస్తే ముందుగాల్నే రంగు మారి చెప్తదట. విమానం ఎక్కబోయేటోనికి అంతకంటే ఏం కావాలె?

మామ బాసింపట్టు వేసుకొని కూసొని, "భాయ్, పచ్చరాయి చూపియ్యి" అన్నడు.

"పచ్చ అంటే ఏది సాబ్? పన్నానా, పుఖ్‌రాజా?"

"గా ఉర్దూ పేర్లు నాకేం ఎరుక భాయ్. పచ్చ అంటే పచ్చ. గిట్ల," అని మామ తన అరచెయ్యి ముందట పెట్టిండు. ఏండ్ల పసుపు నిండిన అరచెయ్యి.

"అచ్ఛా, అట్ల చెప్పుండ్రి. పుఖ్‌రాజ్," అని చాంద్ భాయ్ పుష్యరాగాలు తీసిండు.

గోడ మీద క్యాలెండర్ల నవరత్నాల పట్టిక చదివి చదివి ఉన్న నేను. పచ్చ బుధునిది, ఆకురంగుది. పుష్యరాగం గురునిది, పసుపురంగుది. ఇద్దరు వేరే దేవుళ్ళు, ఇద్దరి గుణాలు వేరు. చెప్పాలె. ఎట్ల చెప్పాలె? పచ్చ, పన్నా, పుఖ్‌రాజ్, పుష్యరాగం... ఆ దుకాణంల ఏ రాయి మూత తీసినా కింద ప ఉన్నది. నా శత్రువులందరు ఒక్క దగ్గర చేరి బట్ట మీద మెరుస్తున్నరు.

"ప... ప..." అన్న.

"చూసినవా భాయ్, పోరనికి గిదే తిప్పల. గందుకే రాయి," అని మామ మురిసిండు, సాక్ష్యం దొరికినట్టు.

వేలు పెట్టి ఆకురంగు రాయిని చూపిచ్చిన. మామ నా వేలును మడిచిండు. "గది ఆకురంగురా. అయ్యగారు పచ్చ అన్నడు. నీకు నోరే లేదనుకున్న, రంగులు గూడ ఎరుకలేవా?"

అప్పుడు నా నిఘంటువు ఆదుకున్నది. గొంతు సవరించుకొని, ఒక్క తప్పు లేకుండ, "మరకతం!" అన్న.

మామ పుష్యరాగాన్ని వెలుతురుకు పట్టి అటు తిప్పి ఇటు తిప్పి, "మరక యాడున్నదిరా?" అన్నడు.

"మరక లేదు సాబ్, సిలోన్ మాల్," అని చాంద్ భాయ్ చిన్నబుచ్చుకున్నడు.

"పిలగానికి కనవడ్డది భాయ్. మరక లేంది తియ్యి."

ఇంకోటి తీసిండు. "కాదు మామా, మరకతం!" అన్న నేను, ఏడుపొక్కటే తక్కువ.

"గిండ్ల గూడ ఉన్నదా! సాలెల్ల కండ్లురా నీయి, పోగు తెగితే దూరం నుంచి కనిపెట్టే కండ్లు. భాయ్, మా అల్లుణ్ణి నువ్వు మోసం చెయ్యలేవు. మంచిది తియ్యి."

అట్ల నేను మరకతం మరకతం అని మొత్తుకున్న కొద్దీ ఇంకింత మచ్చలేని పుష్యరాగం బయటికి వచ్చింది. తర్వాత చదివి తెలుసుకున్న సంగతి ఏందంటే, అసలు మరకతంలో లోపల మరకలు ఉండాల్సిందే. సన్నటి నాచు తీగల లెక్క చారలు ఉంటయి, వాటిని చూసి లోపల తోట ఉన్నదంటరు. ఏ మచ్చా లేకుండ మెరిసే పచ్చ కనపడితే గాజుముక్కనేమో అని అనుమానపడాలెనట. మరక ఉన్నదే మరకతం. మామకు ఆ సంగతి తెలియదు, నాకు తెలియదు, చాంద్ భాయ్‌కి తెలిసినా అడిగిందే అమ్ముతడు. ఆయన తప్పేం లేదు. పసుపు చెయ్యి చూపిస్తే పసుపురాయి ఇచ్చిండు.

బుధవారం పొద్దున ఇంట్లో పండుగే. వెండి ఉంగరాన్ని పాలల్ల వేసి, మామ తన చేతులతోని తీసి నా చిటికెన వేలికి తొడిగిండు. బుధవారం, బుధుని వేలు, ఆ వేలి మీద గురువుగారు. ఒకాయన ఇంటికి చుట్టమై ఇంకొకాయన వచ్చి కూసున్నట్టు. అయ్యగారికి చూపిద్దామని మామనే తంగళ్ళపల్లి తోలుకపోయిండు. అయ్యగారు నా వేలు చూసిండు. చాలాసేపు చూసిండు. మామ మీసాలు చూసిండు. అవీ చాలాసేపు చూసిండు. "పని చేస్తది" అని లోపలికి పోయిండు.

పని చేసిందా అని మీరడుగుతరు. ఇంటర్వ్యూ దగ్గరపడ్డ కొద్దీ నాకు నిద్ర పట్టలేదు. పొద్దంతా సాంచాల షెడ్డుల నిలబడేటోణ్ణి. షెడ్డు సంగతి తెలియనోళ్ళకు చెప్తున్న: అన్ని సాంచాలు ఒక్కసారి నడుస్తుంటే పక్కన ఉరుము ఉరిమినా వినపడది. అందుకే అక్కడ పనిచేసేటోళ్ళు చెవులతోని వినరు, కండ్లతోని వింటరు. మూతి కదిలేది చూసి మాట పట్టుకుంటరు. చెయ్యి ఇట్ల తిప్పితే నీళ్ళని, అట్ల ఊపితే పోగు తెగిందని. నేను ఆ చప్పుడు నడుమ నిలబడి, ఎవ్వలు వినరు కదా అని, పేరు చెప్పుడు అలవాటు చేసుకునేటోణ్ణి. నా గొంతు నాకే వినపడకపోయేది. ఒక పొద్దు బాపు కరెంటు పోయినంక నా దగ్గరికి వచ్చి, చేతులకు నూనె తుడుచుకుంట, "ఇంటర్వ్యూకు పోరా" అన్నడు.

నేను బిత్తరపోయిన. "ఎట్ల బాపూ, నోరు..."

"నీ నోటికేమైందిరా? సాంచాల కాడ మంచిగనే చెప్తున్నవ్ గద. పరశురాములు, పరశురాములు అని ఒక్కతీరుగ. ఆగుతలేవు."

"నీకెట్ల ఎరుక?"

"మూతి చూసిన," అన్నడు బాపు.

అంతే అన్నడు. నూనె గుడ్డ భుజం మీద వేసుకొని పోయిండు. నా గొంతు వినలేని చోట నన్ను విన్నోడు ఆయన ఒక్కడే. చప్పుడుల నత్తి ఎందుకు పోతదో ఇప్పటి డాక్టర్లు ఏదో పేరు పెట్టి చెప్తరు, దానికి వైద్యం కూడా ఉన్నదంటరు. అప్పట్ల మాకు స్పీచ్ థెరపీ లేదు, రాయి థెరపీ ఉన్నది, సాంచె థెరపీ ఉన్నది. దేనికి ఎంత పుణ్యం ఇయ్యాల్నో పంచుకునేటప్పుడు మామ మొత్తం తీసుకపోయిండు. బాపు వాటా అడగలేదు.

కరీంనగర్ల నలుగురు పెద్దమనుషులు బల్ల వెనుక కూసున్నరు. సాంచాలు లేవు. ఫ్యాను మాత్రం తిరుగుతున్నది, అది కూడా చప్పుడు లేకుండ, నా మీద పగబట్టినట్టు. "నీ పేరేంది బాబూ?" అన్నడు నడుమ కూసున్నాయన. ప వచ్చింది, ఆగింది. ఉంగరం తిప్పిన. గురువు పలకలేదు, బుధుడు అసలు పిలువబడలేదు. ఇక దొడ్డిదారే దిక్కని, "జామదగ్న్యుణ్ణి సార్" అన్న.

"ఎవరివి?"

"రేణుకా తనయుణ్ణి సార్. గొడ్డలి ధరించినోణ్ణి."

నలుగురు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. కొసకు కూసున్నాయన ముందట ఉన్న కాగితం చూసి ఫక్కున నవ్వి, "పరశురాములు అని చెప్పరాదయ్యా! మీ నాయిన పేరు జమదగ్నా?" అన్నడు.

"కాదు సార్, నర్సయ్య. సాంచాలు నడుపుతడు."

నవ్వు అయిపోయినంక భయం కూడా సగం అయిపోయింది. పాఠశాలను బడి అని, పిల్లలను బాలలు అని, పాఠాన్ని చదువు అని ప లేని తెలుగుల తడబడకుండ మాట్లాడిన. "భాష మీద మంచి పట్టున్నది పిలగానికి" అని రాసుకున్నరట. పట్టు లేదు, ఉన్నది భయం. భయపడి పారిపోయినోణ్ణి చూసి పరుగుపందెంల గెలిచిండన్నరు. సీటు వచ్చింది. బుధుని రాయి పెట్టుకుంటే బుధుణ్ణి అయ్యేటోణ్ణేమో, గురుని రాయి పెట్టుకొని గురువునైన. ఈ ముక్క ఆలోచించి ఆలోచించే, తప్పు రాయని తెలిసినా ఉంగరం తియ్యలేదు. మళ్ళ బుధుడు వచ్చి నా ఉద్యోగం మారుస్తడేమో అని బుగులు.

నత్తి ఎప్పుడు పోయిందంటే, బడిల హాజరు పిలువబట్టి పోయింది. మాటకు మారు మాట ఉంటది, మనిషికి ఉండదు. పోశవ్వకు పర్యాయపదం లేదు. పద్మను కమల అంటే కమల పలుకుతది. మా దిక్కు బడిల పోశయ్యలు, పుష్పలు, ప్రభాకర్లు, ఇంకో ఇద్దరు పరశురాములు. మొదటి పొద్దు మొదటి పోశయ్య దగ్గర నేను ఆగితే, పోశయ్యనే లేచి "ఉన్న సార్, నిమ్మళంగ పిలువుండ్రి" అన్నడు. నిమ్మళంగ పిలిచిన. తెల్లారి మళ్ళ పిలిచిన. ఎండకాలం సెలవులొచ్చేనాటికి ప నాకు లొంగింది. సెలవులకు మామ ఇంటికి పోయి, గడపల నిలబడి, "మామా, పసుపు ఉడికిందా?" అన్న. మామ చేతిల గంటె కింద పడేసి ఊరంత తిరిగిండు. "నేను పెట్టిచ్చిన రాయి! నేను పెట్టిచ్చిన రాయి!"

ఆ రోజు మొదలుపెట్టినోడు ఇప్పటిదాకా ఆపలేదు. ఏ పెండ్లికి పోయినా, ఏ దినానికి పోయినా, నా చెయ్యి పట్టి లేపి నలుగురికి చూపుడు. "గీ ఉంగరం నేను తొడిగిన. గీని నోరు నేను తెరిచిన. అంతకుముందు గీడు మూగోడు." మూగోడు కాదు మామా అంటే, "చూసిండ్రా ఎంత మంచిగ మాట్లాడుతుండో" అంటడు. చావింట్లో కూడా నా వేలు చేతులు మారి మారి చూసిండ్రు. కొందరు కండ్లకద్దుకున్నరు. చెప్పబోయిన, చాలాసార్లు. మామా, అది పచ్చ కాదు అని. "పచ్చ కాకుంటే నలుపా?" అని మామ అరచెయ్యి చాపుతడు. ఆ అరచెయ్యి ముందట నా నిఘంటువు ఎప్పుడూ ఓడిపోయింది.

ఈ నడుమ మామ మనుమడు శ్రీకాంత్ దుబాయి నుంచి వచ్చి కోరుట్లల బంగారం, రాళ్ళు అమ్మే దుకాణం పెట్టిండు. పెద్ద అద్దాలు, లోపల చలి, రాయి రాయికి ఒక దీపం, దీపం పక్కన ఒక సర్టిఫికెట్. ఇప్పుడు రాయి మాట ఎవ్వలు నమ్మరు, కాగితం మాట నమ్ముతరు. ఫ్యాక్టరీల పెరిగిన పచ్చలు కూడా ఉన్నయి, మరక లేనివి. అప్పట్ల మామ చూస్తే ఎంత మురుస్తుండెనో. చాంద్ భాయ్ దుకాణంల రాయిని ఎండకు పట్టుకొని వీధిల నిలబడి చూసేటోళ్ళం. ఇప్పుడు ఫోన్ల ఫొటో తీసి ఎవరికో పంపి, జవాబు వచ్చేదాకా ఆగుతున్నరు. అత్తరు వాసన లేదు, డబ్బాలోంచి కొట్టిన ఏదో పూల వాసన. తప్పని అంటలేను. మేము అరచెయ్యి చూపించి కొన్నోళ్ళం, మేమేం మాట్లాడతం?

ఓపెనింగుకు మామ నన్ను పిలిపిచ్చిండు. చుట్టరికానికి కాదు, అడ్వర్టయిజుమెంటుకు. గేటు దగ్గరనే నా చెయ్యి పట్టుకొని చెవిల చెప్పిండు: "అల్లుడా, మైకు ఇస్తరు. రాయి పెట్టినంకనే నోరు వచ్చిందని రెండు ముక్కలు చెప్పు. ఎక్కువ మాట్లాడకు, కూసో. శ్రీకాంత్ వీడియో తీస్తడు."

మనుమని దుకాణం నడవాల్నని మామకు ఎంత ఆశ ఉన్నదో నా చెయ్యి వదలకుండ పట్టుకున్న తీరులోనే తెలిసింది. వయసు మీద పడ్డది, పసుపు చేను కౌలుకిచ్చిండు, ఆ అరచెయ్యి కూడా తెల్లవడ్డది. అక్కడ నిలబడి, నాది పచ్చ కాదు, పుష్యరాగం, మా మామకు రంగులు తెలియవు అని చెప్తే మనిషినైతనా? చెప్పదలచుకోలేదు. కానీ ఇన్నేండ్లు మూగోడు మూగోడు అని ఊరూర తిప్పినాయన, ఇప్పుడు ఎక్కువ మాట్లాడకు అనుడు మాత్రం నాకు ఎక్కడనో గుచ్చుకున్నది.

మైకు చేతికి వచ్చింది. మొదలుపెట్టిన. కెంపు బర్మా నుంచి వచ్చేదని, కెంపు, నీలం, పుష్యరాగం ఒక్క తల్లి పిల్లలేనని, రంగు మారితే పేరు మారింది తప్ప రాయి ఒక్కటేనని చెప్పిన. ఆ ముక్క చెప్పేటప్పుడు మామ తల ఊపిండు, ఏమర్థమైందో. మన కృష్ణ ఒడ్డున తవ్విన వజ్రాలు ఎక్కడెక్కడి రాజుల నెత్తి మీదికి ఎక్కినయో చెప్పిన. మన ఖమ్మం దిక్కు గుట్టల్ల ఎర్రటి గార్నెట్లు దొరుకుతుంటే మనం కంకర అనుకొని తొక్కుకుంట పోయినమన్న. గోమేధికం తేనెరంగుదని, వైడూర్యంల పిల్లికన్ను లెక్క వెలుగు గీత కదులుతదని చెప్పిన. మన పిలగాండ్లు చెమటోడుస్తున్న ఆ గల్ఫు నీళ్ళల్లోంచే ఒకప్పుడు బస్రా ముత్యాలు వచ్చేవని చెప్తే ముందు వరుసల ఇద్దరు ఆడోళ్ళు కండ్లు తుడుచుకున్నరు. మామ గడియారం చూసిండు. అన్నం దిక్కు చూసిండు. నా దిక్కు చూసి రెండు వేళ్ళు చూపిచ్చిండు, రెండే ముక్కలన్న కద అన్నట్టు.

"ఇగ ఆఖరుకు ఒక్క రాయి గురించి చెప్పి ముగిస్త," అన్న. అందరు నా నోటి దిక్కు చూస్తున్నరు. శ్రీకాంత్ ఫోను దగ్గరికి తెచ్చిండు.

"ప..." అన్న.

ఆగిన.

"ప..."

దుకాణం మొత్తం ఊపిరి బిగపట్టింది. చలి యంత్రం చప్పుడు ఒక్కటే. మామ మొఖం చూస్తుండంగనే ముత్యం రంగుకు దిగింది. శ్రీకాంత్ ఫోను కిందికి దించిండు. సర్టిఫికెట్ చూస్తున్న ఒకాయన సర్టిఫికెట్ వదిలేసి నా ఉంగరం చూస్తున్నడు. మామ కుర్చీ పట్టుకొని సగం లేచిండు, ఆయన పెదవులు నా బదులు ఆ అక్షరాన్ని ముందుకు నెట్టబోతున్నయి. ఎన్నడూ ఎరగని ఆ నిశ్శబ్దాన్ని మామను కడుపునిండ తిననిచ్చిన.

"పగడం!" అని, గుక్క తిప్పుకోకుండ, అది పులుపుకు ఎట్ల అలుగుతదో, మా అవ్వ పుస్తెలతాడును వీపు మీద ఎట్ల వేసుకునేదో చెప్పి దండం పెట్టిన. చప్పట్లు కొట్టిండ్రు. మామ కూలబడ్డడు.

అన్నాల దగ్గర నా పక్కకు వచ్చి కూసొని, గుండె మీద చెయ్యి పెట్టుకొని, "దీనెక్క, పానం పోయినంత పనాయెరా. గా ఒక్క మాట కాడ గంతసేపు ఎందుకు ఆగినవ్?" అన్నడు.

"ఆ పగడంల మొదటి రెండక్షరాలు నీకోసం మామా. అందుకే నిమ్మళంగ పలికిన," అన్న.

మామ చేతిల ముద్ద చేతిలనే ఉన్నది. కండ్లు చిన్నగ చేసి, పెదవులు కదుపుకుంట కూడబలుక్కున్నడు.

"ప... గ..." అన్నడు మామ. అక్కడ ఆగిపోయిండు.